నా కాళ్ళందని బండి

నాకు భయం ఎక్కువ. ఇది వినయానికి చెప్పుకుంటున్న మాట కాదు, ఉన్న మాట. లిఫ్టు ఎక్కితే తలుపు మూసుకునే లోపల దిగిపోదామా అనిపిస్తుంది. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా పోయి, గ్యాస్ కట్టేశానో లేదో అని వెనక్కి వస్తాను. నా పని కూడా భయాన్ని నమ్ముకున్నదే. నెల్లూరు నుంచి సముద్రం వైపు ఉన్న రొయ్యల గుంటల చుట్టూ తిరిగి, నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి పరీక్ష చేసి, ఏ గుంటకి ఏ జబ్బు రాబోతోందో రైతుకి ముందే చెప్పాలి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచే పనిలో స్థిరపడిపోయాను, మేలెంచే తీరిక ఎప్పుడూ దొరకలేదు.

ఇలాంటివాడి ఇంటికి, గుట్టలూ గతుకులూ ఎక్కి దిగే ఎత్తైన అడ్వెంచర్ బైకు ఎలా వచ్చిందంటే, మా ఆవిడ తెచ్చింది. ఆవిడ మా మేనమామ కూతురు, బుచ్చిరెడ్డిపాలెంలో వరి పండించే ఇంటి పిల్ల. తోటపల్లి గూడూరు దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరు. వాలీబాల్ ఆడిన ఒళ్ళు, నాకంటే బెత్తెడు పొడవు. మా పెళ్ళి ఫొటోల్లో ఇద్దరం సమానంగానే కనిపిస్తాం. నా కాళ్ళ కింద పీట వేసిన సంగతి ఫొటోగ్రాఫరుకీ మా ఇద్దరికీ తప్ప తెలియదు. భయం సంగతి వస్తే ఆవిడ లెక్కే వేరు. చిన్నప్పుడు కాలవ మీది వంతెన పైనుంచి వరదనీళ్ళలోకి దూకిందని మా అత్త ఇప్పటికీ గుండెలు బాదుకుంటూ చెబుతుంది. చెప్పి, "దీనికి దేవుడు భయం పెట్టడం మరిచిపోయినాడు, నీకు రెండింతలు పెట్టినాడు" అని నా వైపు చూస్తుంది.

స్కూలుకి పోయే దారిలో గట్ల మీద గుంతలెక్కువ, స్కూటరు చక్రాలు చిన్నవి, దిగబడిపోతోంది అని మొదలుపెట్టింది. అది సాకని నాకు తెలుసు. మైపాడు రోడ్డులో టీ కొట్టు దగ్గర ఎవరో దూరం ఊళ్ళ నుంచి అలాంటి బళ్ళ మీద వచ్చి ఆగితే, టీ చల్లారిపోయేదాకా వాటినే చూస్తూ నిలబడింది. ఆ చూపు చూశాక, ఇక ఇది ఆగదని నాకు అర్థమైంది.

షోరూములో ఆ బండిని దూరం నుంచే చూశాను. ముందు మడ్‌గార్డు కొంగముక్కులా పొడుచుకొచ్చి ఉంది. సీటు నా నడుము దాటి ఎక్కడో ఉంది. మా ఆవిడ చుడీదారు సర్దుకుని కాలు తిప్పి ఎక్కి కూర్చుంది. రెండు పాదాలూ నేల మీద చక్కగా ఆనాయి. అమ్మే కుర్రవాడు మర్యాదకి, "సార్, మీరు గూడా ఒకసారి కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాను. బొటనవేళ్ళు నేలని వెతుక్కున్నాయి. ఒక వైపు అందితే రెండో వైపు గాల్లో ఉంది. బండి మెల్లగా వాలడం మొదలుపెట్టింది. అతనూ మా ఆవిడా చెరో పక్కా పట్టుకోకపోతే పక్కనున్న కొత్త బళ్ళన్నీ వరసగా పడి ఉండేవి. నేను దిగాక పెట్రోలు ట్యాంకు మీద నా అరచేతుల చెమట రెండు ముద్రలుగా మిగిలింది. ఆవిడ చున్నీతో తుడిచేసింది.

గుళ్ళో బండికి పూజ చేయించాం. పూజారి హెడ్‌లైటుకి బొట్టు పెట్టి, రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, తాళంచెవి నాకు అందించాడు. "స్వామీ, బండి నాది" అని మా ఆవిడ మధ్యలోనే అందుకుంది. ఎక్కి కదిపితే ముందు చక్రం కింది కాయ టప్పుమని చితికింది. వెనక చక్రం కింది కాయ పక్కకి జారి దొర్లిపోయింది. ఎవరూ చూడలేదు, నేను చూశాను. వెనక సీటులో కూర్చోబోయేది నేనే కదా. "ఇంకోసారి తొక్కించు" అని చెవిలో చెప్పాను.

"బావా, గమ్మునుండు. అందరూ చూస్తా ఉండారు" అంది.

ఆదివారాలు మొదలయ్యాయి. పొద్దున్నే లేచి హెల్మెట్లు పెట్టుకుని సముద్రం వైపు పోవడం. వెనక కూర్చున్నవాడికి అబద్ధం ఆడే అవసరం లేదు కాబట్టి చెబుతున్నాను, అందులో సంతోషం కూడా ఉండేది. ఆ ఎత్తు నుంచి చూస్తే గట్ల అవతల గుంటలన్నీ కనిపించేవి, ఏరేటర్లు తెల్లగా నీళ్ళు చిమ్ముతూ ఉండేవి, సరుగుడు తోటల మీదుగా ఉప్పుగాలి వచ్చేది. రోజూ జబ్బుల కోసం వెతికే ఆ నీళ్ళే అప్పుడు అందంగా ఉండేవి. గతుకులొచ్చినప్పుడు ఆవిడ ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి నడిపేది. అప్పుడు నాకు ఆవిడ వీపు, ఆ పైన ఆకాశం తప్ప ఏమీ కనబడేది కాదు. నాలో సంతోషం అక్కడితో అయిపోయేది.

ఒకరోజు కోడూరు దగ్గర ఇసుకలోకే దించింది. అల తడిపి పోయిన చోట ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీద బండి నున్నగా పోతోంది. ఒడ్డుకి లాగిన పడవలకి లంగరు తాళ్ళు కట్టి ఉంటాయి. కొన్ని ఇసుకలో పడి ఉంటాయి, కొన్ని మనిషి మెడ ఎత్తున బిగిసి ఉంటాయి. పక్కనుంచి ఎండ కళ్ళలో కొడుతోంది. ఆవిడ భుజం మీదుగా నాకు ఒక నీలం తాడు కనిపించింది. తాడు అని అరవాలి. నోరు తెరిచాను, గొంతు లేదు. ఆ కొన్ని క్షణాల్లో ఆవిడ మెడ తెగిపోవడం, నేను మా మామ ఇంటి గుమ్మం ముందు నిలబడి ఆ మాట చెప్పడం, అన్నీ చూసేశాను. ఆవిడ తాడుని ముందే చూసింది. బండి ఆపి, చెయ్యి చాచి దాన్ని వేలితో మీటింది.

"అరవచ్చు గదా బావా?"

"అరిచినా."

"యాడ అరిచినావు? గుటకలు మింగినావు" అని నవ్వింది. ఆ సాయంత్రమే గుడికి పోయి, దేవుడా, దీనికి కాస్త భయం పెట్టు తండ్రీ, నాలో ఉన్నదాంట్లోంచి తీసిచ్చినా సరే అని మొక్కుకున్నాను.

మార్చి దాటిందంటే మా వైపు రోడ్లు సగమే రోడ్లు. మిగతా సగం కళ్ళం. తారు మీద వడ్లు ఆరబోసి, బళ్ళు తొక్కకుండా అంచు పొడుగునా రాళ్ళు పేరుస్తారు. బయటి ఊళ్ళవాళ్ళు తిట్టుకుంటారు. మాకు అది తిట్టుకునే విషయం కాదు, మిగిలిన సగంలో సర్దుకుని పోతాం. ఆడవాళ్ళు ఒట్టి కాళ్ళతో వడ్లలో ఈడ్చి నడుస్తూ పాదాలతోనే గింజలు తిరగేస్తారు. ఒట్టికాలు తప్పు కాదు, చెప్పుకాలు తప్పు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. చిన్నప్పుడు పొరపాటున చెప్పు తగిలితే, నాలుగు గింజలు తీసి కళ్ళకద్దుకునేదాకా మా అమ్మమ్మ ఊరుకునేది కాదు.

అలాంటి ఒక రోజు బుచ్చిలో మా బామ్మర్ది, అంటే ఆవిడ తమ్ముడు, ఇంట్లో భోంచేసి, సాయంత్రం స్కూల్లో ఏదో పనుందంటే అటే బయలుదేరాం. ఆవిడ కాళ్ళకి దళసరి బూట్లున్నాయి. జాగ్రత్త కోసమని నేనే పట్టుబట్టి కొనిపించినవి. తోటపల్లి గూడూరు దాటాక ఎడమ సగమంతా వడ్లు. ఎదురుగా వరికోత మిషను వస్తోంది, మిగిలిన సగం మొత్తం తానే అయి. డ్రైవరు హారను కొట్టి, వడ్ల మీదికి దిగిపొమ్మని చెయ్యి ఊపాడు. బయటి ఊరివాడైతే దిగిపోయేవాడు. మా ఆవిడ దిగలేదు. రాళ్ళ వరస పక్కనే బండి ఆపింది. ముందు చక్రం రాయికి తగిలి బండి ఎడమకి ఒరిగింది.

ఆవిడ ఎడమకాలు కిందికి దిగింది. కింద పసుపుపచ్చగా వడ్లు. బూటు వాటికి తగిలే ముందు గాల్లో ఆగిపోయింది. రెప్పపాటు, అంతే. అంత బరువున్న బండికి ఆ రెప్పపాటు చాలు. నేను ఏం చేశానో కూడా చెప్పాలి. అసలే అందని నా కాలు, ఆ క్షణంలో కిందికి పోకుండా ఇంకా పైకి లేచింది. నా కాలికీ చెప్పుంది.

నేను వడ్లలో బోర్లా పడ్డాను. నోట్లో, చెవుల్లో గింజలు. ఒంటి మీద గీత కూడా లేదు. లేచి చూస్తే బండి పడి ఉంది, దాని కింద ఆవిడ కాలుంది. ఆవిడ అరవడం లేదు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. వడ్లు తిరగేస్తున్న ఒక అవ్వ పరిగెత్తుకొచ్చింది.

"అవ్వా, వడ్లలో పెట్రోలు పడతా ఉంది. ముందు అయి పక్కకి లాగండి" అంటోంది మా ఆవిడ.

"వడ్లు పోతే పోయినాయిలే తల్లీ! కాలు చూస్కో, కాలు!" అని అవ్వ ఏడుపు మొదలుపెట్టింది. మిషను డ్రైవరూ ఇంకో ఇద్దరూ దిగి బండి లేపారు. నేను ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా చేతులు ఎంత వణికాయంటే, ఆవిడే నా చేతిని గట్టిగా పట్టుకుంది. అప్పటికి ఇంకా ఆవిడకి భయం లేదు.

కాలి ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. నెలలు గడిచాక నడక వచ్చింది, కొంచెం కుంటుతో. డాక్టరు ఇక ఏ ఇబ్బందీ లేదన్నాడు. ఎముక వరకే ఆయన చూసింది.

ఆస్పత్రి నుంచి ఆటోలో వస్తున్నాం. వెనకనుంచి లారీ దాటింది. ఆవిడ నా మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుంది, గోళ్ళు దిగాయి. "నిదానంగా పోబ్బా, యాడికా తొందర" అని ఆటో అతన్ని కసిరింది. నేను ఉలిక్కిపడి పక్కకి చూశాను. అది నా మాట. ఇన్నేళ్ళూ ఆటోల్లో నేను అన్న మాట, అదే గొంతుతో, అదే తొందరతో.

అక్కడితో ఆగలేదు. మళ్ళీ స్కూలుకి పోవడం మొదలుపెట్టాక హైజంపు కర్రలు తీయించి గదిలో పెట్టించింది. ఎందుకన్నాను.

"పిల్లకాయలు పడితే?"

"ఇసకలోనే గదా పడేది."

"ఇసకలో పడితే మాత్రం కాళ్ళు విరగవా?"

నేను గుంటల దగ్గరికి పోతే ఫోను చేసి "చేరినావా?" అని అడుగుతుంది. గట్టు మీద తడుందా, కరెంటు తీగలు కిందున్నాయా అని అడుగుతుంది. వంటింట్లోంచి పిలిచి గ్యాస్ వాసన వస్తోందా చూడమంటుంది. వాసన లేదు. అయినా ఇద్దరం కిటికీలన్నీ తెరిచి బయట నిలబడ్డాం, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. తాడు చూసిన రోజుకంటే, వడ్లలో లేచి చూసిన క్షణంకంటే ఎక్కువ. ఇన్నేళ్ళూ నేను అంత ధీమాగా భయపడగలిగింది పక్కన ఆవిడ ఉందనే. నేను వణికితే ఆవిడ నవ్వేది, ఆ నవ్వుకి నా వణుకు తగ్గేది. ఇప్పుడు ఇద్దరం వణికితే నవ్వేదెవరు? దేవుడు నా మొక్కు తీర్చాడు, కాస్త భయం పెట్టమంటే మనిషంతా నింపిపెట్టాడు. వెనక్కి తీసుకోమని అడగడానికి మళ్ళీ గుడికి పోయాను కానీ, తీర్థం తీసుకుని, అడక్కుండానే వచ్చేశాను.

"అమ్మేద్దాం బావా" అంది ఒకరోజు, బండి వైపు చూడకుండా.

బండి కొనడానికి బామ్మర్ది వెంకటాచలం ఊరి నుంచి ఒకాయన్ని తీసుకొచ్చాడు. ఆయన చుట్టూ తిరిగి చూసి, బండి స్టార్టు చేశాడు. ఆ చప్పుడు వినగానే మా ఆవిడ స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుంది. కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్ళు ఉత్తినే పోతున్న చప్పుడు. ఈ బండి ఇప్పుడు ఈ ఇంట్లోంచి పోతే ఆ మనిషి ఆ గదిలోనే ఉండిపోతుంది, బయటికొచ్చేది ఇంకెవరో అనిపించింది.

"అమ్మడంలా" అన్నాను.

బామ్మర్ది నోరు తెరిచాడు. "మరెవురు నడపతారు?"

"నేను."

"నువ్వా బావా? నిచ్చెనగూడా తెచ్చేదా?" అని ఒకటే నవ్వు. వచ్చినాయన కూడా నవ్వాడు. నాకు కోపం రాలేదు. ఆ మాట అన్నందుకే లోపలంతా భయం నిండిపోయి, కోపానికి చోటు లేదు.

ఆదివారం బామ్మర్ది బండిని కాలవ అవతల, సరుగుడు తోటల మధ్య సముద్రం దాకా పోయే రోడ్డుకి తెచ్చాడు. అటు ఎవరూ పెద్దగా రారు. మా ఆవిడ నాతో ఆటోలో వచ్చింది, ఎందుకంటే ఆస్పత్రికి తీసుకుపోయే మనిషొకరు ఉండాలి కదా అని. కల్వర్టు గోడ మీద కూర్చుంది, కాలు చాపుకుని, చేతులు ఒళ్ళో బిగించుకుని.

బామ్మర్ది పట్టుకుంటే ఎక్కాను. ఒక పక్కకి జరిగి కూర్చుంటే ఒక పాదం సగం ఆనింది. స్టార్టు చేశాను. నా తొడల మధ్య అదేదో ప్రాణమున్న జంతువులా అదిరింది. క్లచ్చి వదిలాను. ఒక్క దూకు దూకి ఆగిపోయి, పక్కకి పడింది, నాతో సహా.

"అట్టా గబుక్కున వదలబాకు!" అని గోడ మీద నుంచి కేక.

మళ్ళీ లేపారు, మళ్ళీ ఎక్కాను. ఈసారి కొంచెం దూరం పోయింది. పోతున్న కొద్దీ ఆపడం ఎలాగో మరిచిపోయాను. హ్యాండిలు నా మాట వినడం లేదు. సరుగుడు చెట్లు మీదికొస్తున్నాయి. అప్పుడు వెనకనుంచి ఒక విజిల్, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఊదిన విజిల్. గ్రౌండు అవతలి మూలనున్న పిల్లల్ని కూడా కట్టిపడేసే విజిల్. నా చెయ్యి దానంతటదే బ్రేకు మీద బిగిసింది. బండి ఆగింది. ఆగాక కాలు అందక పడింది.

బామ్మర్ది రాబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. కుంటుకుంటూ తానే వచ్చింది. నన్ను చూడలేదు, బండిని చూసింది. దానికి వీపు ఆనించి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, కాళ్ళతో నేలని తన్ని లేపింది. "నడుంతో గాదు బావా, కాళ్ళతో లేపాల" అంది ఆయాసపడుతూ. లేపి, పట్టుకుని అలాగే నిలబడింది. పై పెదవి మీద చెమట. చూపు బండి సీటు మీదే ఉంది. బామ్మర్ది ఏదో అనబోతే వాడి చెయ్యి గిల్లాను.

ఆవిడ నా తల మీది హెల్మెట్ తీసుకుని పెట్టుకుంది. కాలు తిప్పి ఎక్కింది, బాగున్న కాలి మీద బరువు వేసి. రెండు పాదాలూ నేల మీద ఆనించి చాలాసేపు ఊరికే కూర్చుంది. స్టార్టు చేసింది, ఆగిపోయింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ చేతిలో బండి ఆగిపోవడం నేను చూడలేదు. మళ్ళీ స్టార్టు చేసింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళలా రెండు కాళ్ళూ కిందికి వేలాడేసుకుని, మనిషి నడిచేంత వేగంతో కదిలింది. మలుపు తిరిగి తోటల వెనక్కి పోయింది. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ సముద్రం హోరులో కలిసిపోయింది.

నా భయాలన్నీ ఒక్కసారిగా ఇంటికొచ్చాయి. అక్కడ రోడ్డు మీద ఇసుక మేట వేసి ఉంటుంది. కుక్క అడ్డం రావచ్చు. రొయ్యల లారీ రావచ్చు. ఆ కాలు మళ్ళీ అదే చోట విరగొచ్చు. నేనే తెచ్చి ఎక్కించాను, ఎవరికి చెప్పుకోను? అరవడానికి కూడా ఆవిడ ఎదురుగా లేదు. బామ్మర్ది పక్కన నిలబడి ఏదో మాట్లాడుతున్నాడు, నాకు ఒక్క ముక్క వినపడలేదు.

చప్పుడు మళ్ళీ వచ్చింది. తర్వాత బండి కనిపించింది. కాళ్ళు ఇప్పుడు ఫుట్‌రెస్టుల మీద ఉన్నాయి. నా దగ్గరికొచ్చి ఆపింది, ఇంజను కట్టేయలేదు. హ్యాండిలు మీద ఆవిడ వేళ్ళు ఇంకా బిగిసే ఉన్నాయి. హెల్మెట్ అద్దం పైకెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకొక రౌండు పోయొస్తా బావా" అంది.

వద్దు, దిగు, ఈ రోజుకి చాలు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పోయిరా అన్నాను. అని, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. లేకపోతే బండి వెనక కడ్డీ పట్టుకుని ఆపేసేవాణ్ణి.